7 బ్యాండ్ వచ్చినా సెమినార్‌లో నోరు పెగలట్లేదు

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్‌లో 7 బ్యాండ్ తెచ్చుకుని విదేశంలో మాస్టర్స్‌లో చేరాను. లెక్చర్లు సగమే అర్థమవుతున్నాయి. సెమినార్‌లో నేను వాక్యం కూర్చుకునేలోపే చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోతోంది. మొదటి వ్యాసంలో మూలాలు చూపలేదని హెచ్చరిక కూడా వచ్చింది. నా ఇంగ్లిష్ సరిపోదా సార్?

జవాబు: సరిపోతుంది. కాకపోతే ఆ పరీక్షలో లిజనింగ్ అరగంట, ప్రశ్నలు కళ్ల ముందే ఉంటాయి. స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా ఒక్కరే. సెమినార్‌లో మాట్లాడే అవకాశాన్ని మనమే దొరకబుచ్చుకోవాలి. మామూలు సంభాషణకు పనికొచ్చే భాష, చదువుకు కావలసిన భాష వేరువేరని భాషా విద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పారు. రెండోది నిదానంగా వస్తుంది.

నన్నడిగితే మీరు ముందు పట్టించుకోవాల్సింది ఆ హెచ్చరికను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పడే చదువు నుంచి వచ్చినవాళ్లకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ అక్కడ దాన్ని దొంగతనం కింద లెక్కేస్తారు. నాలుగు పదాలు అటూఇటూ మార్చినా అంతే. మాటలు మీవైనా, ఆలోచన మరొకరిదైతే అది ఎవరిదో, ఎక్కడిదో చూపాల్సిందే. పేరా చదివాక మూసేయండి. అర్థమైంది మీ భాషలోనే రెండు ముక్కల్లో రాసుకుని, దాన్నుంచి ఇంగ్లిష్‌లో రాయండి. మూలం వివరాలు అప్పుడే పక్కన రాసుకోండి, చివర్లో వెతుక్కోవడం నరకం. వాక్యాలు మార్చిపెట్టే టూల్స్ జోలికి పోకండి. కోర్సు నిబంధనల్ని బట్టి అదో కొత్త తప్పు కావచ్చు.

సెమినార్‌కి ముందుగా చదవమని ఇచ్చిన రీడింగ్ చదివి ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకెళ్లి, మొదట్లోనే అడిగేయండి. ఆలస్యమైతే చర్చ మీ ప్రశ్నను దాటిపోతుంది. ప్రొఫెసర్ మాటతో విభేదిస్తే అగౌరవమని చాలామంది నోరు కట్టేసుకుంటారు. కారణం చెప్పి విభేదించడాన్ని అక్కడ చదివొచ్చిన గుర్తుగానే చూస్తారు. యాస గురించి టెన్షన్ వద్దు, నిదానంగా మాట్లాడితే చాలు. లెక్చర్ రికార్డింగ్ ఇస్తుంటే అర్థంకాని చోటే మళ్లీ వినండి.

మన భాషవాళ్లతో స్నేహం మానేయమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను, ఒంటరితనం చదువును ఇంకా దెబ్బతీస్తుంది. గ్రూప్ ప్రాజెక్టుకు మాత్రం వేరే భాషవాళ్లతో కలవండి.

ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం పెట్టిన సమయమే, మొహమాటపడకండి. తర్వాతి వ్యాసం మొదలుపెట్టకముందే పాతది పట్టుకెళ్లి, ఒక పేరా చూపించి, ‘ఇక్కడ మూలం ఎలా చూపాలి?’ అని అడగండి. వ్యాసాలు రాయడంలో సాయపడే రైటింగ్ సెంటర్ ఉంటే అక్కడికీ వెళ్లండి. వాళ్లు తప్పులు దిద్దిపెట్టరు, మీతోనే దిద్దిస్తారు.