సోలార్ ప్యానెళ్లు సరే, పడకల మీద రోగులున్నారా?

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ అయిపోయింది. బీఎస్సీ నర్సింగ్‌కు ఒక ప్రైవేటు కాలేజీ చూసొచ్చాం. కొత్త గ్రీన్ బిల్డింగ్, సోలార్ కరెంటు, యోగా హాలు, ధ్యానం గది, చుట్టూ చెట్లు. ఫీజు ఎక్కువే. కన్వీనర్ కోటాలో వచ్చే కాలేజీది పాత బిల్డింగు, క్లినికల్స్ (రోగుల దగ్గర చేసే శిక్షణ) మాత్రం పెద్దాసుపత్రిలో. పాప సున్నితం, ఒత్తిడి తట్టుకోలేదు. ఏది మంచిది? – ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: బిల్డింగు గురించి ఇంత రాశారు, బిడ్డకేది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. నైట్ డ్యూటీలు, రక్తం, చావులు, రేపు సంబంధం చూసేటప్పుడు నలుగురూ ఏమంటారో – మీ అసలు భయం ఇదీ. నర్సింగ్ అనగానే చాలామంది తల్లిదండ్రులు ఇదే భయంతో వస్తారు.

మంచి బిల్డింగు అక్కర్లేదని నేననను. రోగికి ముందు కావలసింది మంచి గాలి అని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. వరంగల్ ఎండల్లో తెల్లటి కప్పు, ఎదురెదురు కిటికీలు ఎంత మేలో మనకు తెలుసు. అందుకే మన రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. టీబీ లాంటివి గాలి ఆడని గదుల్లోనే ఎక్కువ పాకుతాయి. కిటికీలు తెరిచిన క్లాసులో చదివిన పిల్ల రేపు వార్డు కిటికీ ఎందుకు తెరవాలో ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తుంది.

కానీ గోల్డ్, ప్లాటినం అని ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) గ్రీన్ బిల్డింగులకు ఇచ్చే రేటింగ్ కరెంటు, నీళ్లు, వెలుతురు, గాలి లాంటివి చూసి ఇచ్చేది. చదువు ఎలా చెబుతారో అది చెప్పదు. కరపత్రంలో ‘గ్రీన్’ అని ఎవరైనా అచ్చేసుకోవచ్చు, సర్టిఫికెట్ చూపించమనండి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి పై అంతస్తు క్లాసులో కాసేపు కూర్చోండి. హాస్టల్లో నీళ్లెలా ఉన్నాయో, యోగా హాలు పిల్లలు నిజంగా వాడుతున్నారో అడగండి. నాకు అనుమానం ఎక్కువగా ఉన్నది యోగా, ధ్యానం పేరుతో చెప్పే ఈ ‘వెల్‌నెస్’ మాట మీదే. వార్డులో మొదటిసారి ఒక ప్రాణం పోవడం చూసిన పిల్లకు ఆ సాయంత్రం పక్కన కూర్చునే మేడమ్ కావాలి. నైట్ డ్యూటీ అయ్యాక నిద్రపోనివ్వాలి. ఇవి లేనిచోట ధ్యానం గది ఎంత అందంగా ఉన్నా ఏం లాభం?

ఆసుపత్రి సంగతి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి నూరు పడకల సొంత ఆసుపత్రి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. పడకలు లెక్కపెట్టి రాకండి, వాటి మీద రోగులున్నారేమో చూడండి. ఈ ఒక్క లెక్కతో నా మొగ్గు పెద్దాసుపత్రి వైపే.

ఇంకొకటి, ‘సున్నితం’ అన్న మాట బిడ్డ ముందు అనడం మానేయండి. అంటూ ఉంటే ఆమె అదే నమ్ముతుంది. సున్నితమైన పిల్లే రోగి ముఖం చూసి నొప్పి కనిపెడుతుంది. మొదటి ఇంజెక్షన్‌కు చేతులు అందరికీ వణుకుతాయి, చేస్తూ చేస్తూ కుదురుకుంటాయి. కాబట్టి ధైర్యంగా ఉండండి.

రెండు కాలేజీలకూ ఆమెను తీసుకెళ్లండి. అక్కడి సీనియర్ అక్కలతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆ అరగంట మీరు క్యాంటీన్‌లో కూర్చోండి.