ఆల్సేషన్ అన్నా, జర్మన్ షెపర్డ్ అన్నా అది కాపరి కుక్కే

మీ మామయ్యగారు అల్సేషియనే మేలంటున్నారు, మీ అబ్బాయి జర్మన్ షెపర్డ్ తప్ప వద్దంటున్నాడు, రెంటికీ తేడా ఏమిటి, ఇంగ్లీషులో ఏది సరైన పేరు అని అడిగారు. ఇద్దరూ కోరుకుంటున్నది ఒకే కుక్కని. ఇంట్లో గొడవ అక్కర్లేదు.

పేరు మారింది యుద్ధం వల్ల. మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఇంగ్లండులో జర్మనీ పేరెత్తితే మండిపడేవారు. కుక్క మాత్రం నచ్చింది. అందుకని ఫ్రాన్సు, జర్మనీ సరిహద్దులో ఉన్న ఆల్సేస్ ప్రాంతం పేరు తగిలించి, 1919లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బు, అంటే కుక్కల జాతుల్ని నమోదు చేసే సంఘం, దాన్ని 'అల్సేషియన్ వుల్ఫ్ డాగ్' అని నమోదు చేసుకుంది. తర్వాత 'వుల్ఫ్' తీసేశారు. 1977లో గానీ అసలు పేరు తిరిగి రాలేదు. అమెరికావాళ్ళు 1917లో 'జర్మన్' అన్న ముక్క కొట్టేసి ఉత్త 'షెపర్డ్ డాగ్' అని రాసుకున్నారు, 1931లో మళ్ళీ చేర్చుకున్నారు. మనకు వచ్చింది ఇంగ్లండువాళ్ళ ఇంగ్లీషు కనక మన పెద్దవాళ్ళ నోట అల్సేషియనే నిలిచిపోయింది.

మా నాన్నగారు 'ఆల్సేషన్' అనేవారు. కాన్వెంటులో చదివిన మా తమ్ముడు 'అల్సేషియన్ అనాలి నాన్నా' అని ప్రతిసారీ దిద్దేవాడు. ఇంగ్లండులో పలికే తీరు మా నాన్నగారి పలుకుబడికే దగ్గర! అలాగే చాలామంది 'షెఫర్డ్' అంటారు. షీప్, హెర్డ్ కలిసి పుట్టిన మాట అది, 'హ' పలకదు, కాబట్టి షెపర్డ్. ఇంకో సంగతి, షెపర్డ్ అంటే గొర్రెల కాపరి, అంటే మనిషి. కుక్క పూర్తి పేరు జర్మన్ షెపర్డ్ డాగ్, జర్మన్ భాషలో షేఫర్‌హుండ్, కాపరి కుక్క.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మనవాళ్ళకి ఇది పోలీసు కుక్క, గేటు దగ్గర గొలుసుతో కట్టేసే కుక్క. కానీ దీని పుట్టుక మందలో. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ అశ్వికదళ అధికారి జర్మనీలోని కార్ల్స్‌రూహెలో కుక్కల ప్రదర్శన చూడబోయి, అక్కడొక మంద కుక్కని చూసి మనసు పారేసుకుని అప్పటికప్పుడు కొనేశాడు. హోరాండ్ అని పేరు పెట్టి ఈ జాతి పట్టీలో మొదటి నంబరు దానికిచ్చాడు. గొర్రెల పెంపకం తగ్గిపోతుంటే జాతి నిలవాలని పోలీసులకీ సైన్యానికీ అలవాటు చేసినవాడూ అతనే. జర్మనీలో చాలా పొలాలకి కంచెలుండేవి కావు. గొర్రెలు పక్క చేలో పడకుండా ఈ కుక్క మంద అంచు వెంబడి పొద్దస్తమానం అటూ ఇటూ తిరుగుతూ తానే కంచెలా ఉండేది.

ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు, నేను కళ్ళారా చూశాను. మా ఇల్లు మహబూబ్‌నగర్ ఊరి చివర. సంక్రాంతి పోయాక మా దారిన గొర్ల మందలు మేతకి తరలిపోతుంటాయి. ఒకరోజు పాలబ్బాయి గేటు వేయకుండా పోయాడు, మా జర్మన్ షెపర్డ్ రాణి రోడ్డు మీదికి దూకింది. ఎదురుగా పెద్ద మంద, పక్కన పల్లిచేను. నాకు కాళ్ళు చల్లబడ్డాయి, అరుస్తూ పరిగెత్తాను. భుజాన గొంగడి వేసుకున్న ముసలి కాపరి కర్ర అడ్డంపెట్టి నన్ను ఆపాడు.

"ఆగుండ్రి సారు, పిలవకుండ్రి. కరుస్తలేదు. చేను దిక్కు కాస్తున్నది సూడుండ్రి."

నిజమే. రాణి మందలోకి చొరబడలేదు. తల దించి, చెవులు ముందుకు పెట్టి, మందకీ పల్లిచేనుకీ మధ్య గట్టు మీద పోతోంది, చివరిదాకా పోయి మళ్ళీ వెనక్కి వస్తోంది. నల్లమూతి గొర్రె ఒకటి చేలోకి మూతి పెట్టింది. రాణి మొరగలేదు, ఎదురుగా పోయి నిలబడింది. గొర్రె వెనక్కి తగ్గి మందలో కలిసిపోయింది. దానికి ఇది ఎవరూ నేర్పలేదు. పుట్టి బుద్ధెరిగాక మందని చూడటం దానికదే మొదలు.

అలాంటి ప్రాణిని రెండు గజాల గొలుసుతో కట్టేసి, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పిల్లాణ్ణి పడేసినట్టు పడేసి, 'మా కుక్క ఊరికే మొరుగుతోంది, మీద పడుతోంది' అని వచ్చి చెబుతారు. మొరగక ఏం చేస్తుంది? పొద్దునా సాయంత్రం బాగా నడిపించండి, చేతికి పని చెప్పినట్టు దాని ముక్కుకి పని చెప్పండి, వస్తువు దాచి వెతికించండి, నెల తిరక్కుండా కుక్క మారిపోతుంది. ఎండలకి తాళలేదని బొచ్చు గొరిగించేవాళ్ళని చూస్తే ఇంకా మండుతుంది. ఆ రెండు పొరల బొచ్చే దాని చర్మాన్ని ఎండ నుంచి కాస్తుంది. రాలిన లోపలి బొచ్చు దువ్వితే చాలు, మధ్యాహ్నం నీడపట్టున ఉంచి నీళ్ళు పెట్టండి.

మీ ప్రశ్నకి వస్తే, ఇప్పుడు ఇంగ్లీషులో రాయాల్సి వస్తే జర్మన్ షెపర్డ్ అనే రాయండి, ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. మీ మామయ్యగారితో మాట్లాడేటప్పుడు ఆల్సేషన్ అనే అనండి. కొనడానికి వెళ్ళినప్పుడు అమ్మేవాడు 'ఇది మామూలు జర్మన్ షెపర్డ్ సార్, అది ఒరిజినల్ అల్సేషియన్, తోడేలు రక్తం, దాని రేటు వేరు' అన్నాడనుకోండి, అక్కడ కుక్కపిల్లని కొనకండి, లేచి వచ్చేయండి.