విశాఖ మేడ మీద నుంచి బ్లేజార్ ఫ్లేర్‌ను పట్టుకోవచ్చా?

ఎనిమిది అంగుళాల టెలిస్కోపూ కెమెరా ఉన్నాయి, వైజాగ్ నుంచి బ్లేజార్ల గామా ఫ్లేర్లు (గామా కిరణాలు ఒక్కసారిగా ఎగసిపడటం) గమనించవచ్చా అని ఒకరు అడిగారు. గామా మన చేతికి రాదు, వాతావరణమే దాన్ని ఆపేస్తుంది. ఆ పని 2008లో పైకి వెళ్లిన ఫెర్మీ ఉపగ్రహానిది. అది సుమారు 3 గంటలకోసారి ఆకాశమంతా చూసేస్తుంది. ఇంకా శక్తిమంతమైన గామా కిరణాలు గాలిలో రేపే నీలి మెరుపును లడఖ్‌లోని హాన్లేలో ఉన్న 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ చూస్తుంది. మనకు మిగిలేది మామూలు వెలుగు. అదేమీ చిన్న వాటా కాదు.

బ్లేజార్ అంటే కృష్ణబిలం నుంచి మనవైపే దూసుకొచ్చే జెట్. అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో నుంచి కంటికి కనిపించే వెలుగు దాకా, కొన్ని బ్లేజార్లలో ఎక్స్‌రే దాకా ఇస్తాయి. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ప్రకారం, అవే ఎలక్ట్రాన్లు ఫోటాన్లను ఢీకొట్టి గామాగా మారుస్తాయి. అంటే రెండూ కలిసి పెరగాలి. కానీ 2002లో 1ఈఎస్ 1959+650 అనే బ్లేజార్‌లో అతిశక్తి గామా ఎగసింది, ఎక్స్‌రే మాత్రం కదల్లేదు. ఇలాంటప్పుడు ఆ రాత్రి మామూలు వెలుగు ఎంతుందో ఎవరో ఒకరు కొలిచి ఉండకపోతే వాదన అక్కడే ఆగిపోతుంది. అందుకే ఫ్లేర్ వార్త వచ్చాక పరిగెత్తేవాళ్లకన్నా, ఏమీ జరగని రాత్రుల్లో కూడా కొలిచేవాళ్లు ఎక్కువ అక్కరకొస్తారని నా అభిప్రాయం.

నేను మధురవాడ వైపు మేడ మీద నుంచి చూస్తాను. మన ఊరికి నా ఓటు 3సీ 279 అనే బ్లేజార్‌కే. 500 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, 2015 జూన్‌లో దాని గామా నిమిషాల్లోనే మారిపోయింది. మార్చి నుంచి మే దాకా బాగా ఎత్తుకొస్తుంది. బీఎల్ లాసర్టే అనే మరో బ్లేజార్ ఇంతకన్నా ప్రకాశవంతమే, కానీ దాని సీజన్‌కి మనకి తుఫాన్లు. మార్కేరియన్ 421 అనే ఇంకో బ్లేజార్ పక్కన 6వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం) నక్షత్రం మెరుస్తూ విసిగిస్తుంది.

ఎప్పుడూ ఒకే ఫిల్టర్ వాడండి, పోల్చి చూడటానికి వెలుగు మారని ఒకే నక్షత్రాలు పెట్టుకోండి. సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయండి, అంటే మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేయాలి. 3సీ 279 మసకబారితే చిన్న ఎక్స్‌పోజర్లు చాలా తీసి కలపండి. సముద్రపు తేమకి లెన్స్ మీద చెమ్మ పట్టేస్తుంది, దాన్ని ఆపే డ్యూ హీటర్ లేకుండా మొదలుపెట్టకండి. వెలుగు మారే నక్షత్రాల కొలతలు సేకరించే ఏఏవీఎస్ఓ అనే సంస్థకి పంపేటప్పుడు ఎర్రర్ (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో) కూడా నిజాయితీగా రాయండి. పెద్ద ఎర్రర్ ఉన్న కొలత కూడా వాళ్లకి పనికొస్తుంది, తక్కువ చేసి రాసినదే పనికిరాదు.