గ్లిట్టర్ గోళ్లు వేసుకునే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. ముదురు నీలం మీద వెండి తళుకు నీ చేతికి బాగా నప్పింది. కానీ తళుకంతా గోరు మధ్యలో ముద్దకట్టిందనీ, మూడో రోజుకే అంచులు లేచిపోయాయనీ బాధపడుతూ రాశావు. నాకు తోచిన ముఖ్య కారణం ఇది. పూతలు మందంగా వేశావు, ఒకటి ఆరకముందే ఇంకొకటి వేశావు. చేయి బాగానే తిరిగింది, అలవాటు మార్చుకుంటే చాలు.

చేతికి క్రీమ్ రాసుకుని వెంటనే రంగు వేయకు. గోటి మీద జిడ్డు ఉంటే ఏ రంగూ పట్టుకోదు. పాత రంగు లేకపోయినా సరే, రిమూవర్‌లో తడిపిన దూదితో ఒకసారి తుడువు. తర్వాత బేస్ కోట్, అంటే రంగుకు ముందు గోటికి వేసే పారదర్శక పూత, వేయి. అది లేకపోతే ముదురు నీలం గోటికి మరక పట్టించవచ్చు. నీలం రెండు పలచని పూతలు చాలు, మధ్యలో ఆరనివ్వాలి.

గ్లిట్టర్ సీసాను గట్టిగా ఊపకు, గాలి బుడగలు చేరతాయి. అరచేతుల మధ్య దొర్లిస్తే అడుగున కూర్చున్న తళుకు పైకి వస్తుంది. దాన్ని బ్రష్‌తో నేరుగా పూస్తే పాలిష్ ఎక్కువ, తళుకు తక్కువ పడుతుంది. అందుకే జనం పూత మీద పూత వేసి ముద్ద చేసేస్తారు. నువ్వు మేకప్ స్పాంజి చిన్న ముక్క తీసుకుని దాని మీద గ్లిట్టర్ పాలిష్ రాయి. స్పాంజి ద్రవాన్ని పీల్చుకుంటుంది, తళుకు పైన మిగులుతుంది. దాన్ని గోటి మీద అద్దాలి, రుద్దకూడదు. కొస దగ్గర మూడుసార్లు, మధ్యలో ఒకసారి అద్ది, మొదలు దగ్గర వదిలేస్తే కొస నుంచి కిందికి పలచబడుతూ వస్తుంది. ముందే గోరు చుట్టూ చర్మానికి తెల్ల జిగురు రాసి ఆరనిస్తే, అంటిన తళుకంతా దానితోపాటే పొరలా ఊడొస్తుంది.

పువ్వులాంటి డిజైన్ కావాలన్నావు కదా, అందులో నాకెంతో ఇష్టమైన పని ఇదే. కాస్త పెద్ద సైజు గ్లిట్టర్ బిళ్లలు ఒక కాగితం మీద పోసుకో. గోటి మీద పువ్వు వచ్చే చోట మాత్రమే పారదర్శక పాలిష్ చుక్క పెట్టు. టూత్‌పిక్ కొనకు కొంచెం అదే పాలిష్ అంటించి ఒక్కో బిళ్లనూ ఎత్తి పెట్టు. ముందు నడిమి బిళ్ల, తర్వాత రేకులు. మోచేయి బల్లకు ఆనించి, చిటికెన వేలు ఆసరాగా పెట్టుకుంటే చేయి వణకదు. అన్ని గోళ్లకూ పువ్వులొద్దు, ఉంగరపు వేలికి చాలు. విడి గ్లిట్టర్ వాడితే సౌందర్య సాధనాల కోసం చేసినదే కొను. క్రాఫ్ట్ పనుల తళుకు రంగు పాలిష్‌లో కరిగి దిగిపోవచ్చు.

గ్లిట్టర్ పైభాగం గరుకుగా ఉంటుంది కాబట్టి అన్నిటికీ పైన వేసే పారదర్శక పూత, అదే టాప్ కోట్, రెండుసార్లు వేయి, గోటి అంచు మందానికి కూడా పూయి. అక్కడ పూయకపోవడం కూడా నీ అంచులు లేవడానికి కారణమనుకుంటున్నాను. వేలు తాకితే అంటకపోయినా లోపలి పొరలు గంటల తరబడి మెత్తగానే ఉంటాయి, ఆ పూట వేడినీళ్ల పనులు పెట్టుకోకు.

యూవీ జెల్ గురించి, అంటే యూవీ దీపం కింద గట్టిపడే పాలిష్ గురించి అడిగావు. గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోవచ్చు. ఇంట్లో నేర్చుకునేటప్పుడు మామూలు పాలిషే మేలు.

తీసేటప్పుడు మాత్రం గీకకు, గోటి పైపొర కూడా లేచిపోతుంది. రిమూవర్‌లో ముంచిన దూది గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి, పది నిమిషాలు ఆగి, కొసవైపు మెల్లగా లాగు. కిటికీ తెరిచి ఉంచు, స్టవ్‌కూ దీపానికీ దూరంగా కూర్చో, రిమూవర్ ఇట్టే అంటుకుంటుంది. రాలిన తళుకు ప్లాస్టిక్కే కాబట్టి సింకులో కడగకుండా కాగితంలో చుట్టి చెత్తలో వేయి. చివరికి చేతులు కడుక్కుని గోళ్ల చుట్టూ కాస్త నూనె రాసుకో.

నీ పెద్దమ్మ