టీబీ టీకా మందు మూత్రాశయంలోకి ఎందుకు ఎక్కిస్తారు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. నొప్పి లేకుండానే మూత్రంలో రక్తం పడింది. మూత్రాశయంలో గడ్డను స్కోపుతో గీకి తీశారు. క్యాన్సరేగానీ కండరం దాకా పోలేదని రిపోర్టు వచ్చింది. వారానికొకటి చొప్పున 6 డోసుల బీసీజీ రాశారు. మూడో డోసు తర్వాత మంట, జ్వరం రావడంతో నాన్నగారు ఇక వద్దంటున్నారు. టీబీ టీకా క్యాన్సర్‌ను ఎలా చంపుతుంది?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మీ ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంటే ఒకసారి చూసుకోండి. పసితనంలో సూది వేసిన కొన్ని వారాలకు అక్కడ పొక్కు లేచి, చీము పట్టి, మానిన గుర్తు అది. ఆ పుండు చాలావరకు క్రిముల మీదికి దూకిన మీ రక్తకణాల పనే. నాన్నగారి మూత్రాశయంలో ఇప్పుడు జరుగుతున్నదీ అలాంటి పోరాటమే. మోతాదు మాత్రం చాలా ఎక్కువ.

బలహీనపరిచిన ఈ బాక్టీరియా మూత్రాశయం లోపలి పొరకు అంటుకుంటుంది. క్యాన్సర్ కణాలు కొన్ని దాన్ని లోపలికి లాక్కుంటాయి. అంతవరకు సొంత కణాల్లా కలిసిపోయి తప్పించుకు తిరిగినవి అప్పుడు కాపలాదారుల కంట పడతాయి. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి ట్రెయిల్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది తగిలిన క్యాన్సర్ కణంలో కాస్పేజ్ ఎంజైములు మేల్కొని, దాన్ని లోపలి నుంచే ముక్కలు చేస్తాయి. వెనక వచ్చే టి-కణాలు అనే మరో రకం తెల్లకణాల పద్ధతి వేరు. పర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో కణం పైపొరకు కన్నం వేసి, అందులోంచి గ్రాంజైమ్ అనే ఎంజైమును పంపుతాయి. రెండు దారుల్లోనూ కణం తనను తానే కూల్చుకుంటుంది. కీమో మందులా బీసీజీ నేరుగా విషం కాదు, చంపేది నాన్నగారి రోగనిరోధక శక్తే. 1976లో కెనడా వైద్యుడు మొరాలెస్ తొలి ఫలితాలు ప్రకటించిన ఈ పాత మందును మేము ఇప్పటికీ వదల్లేదు. దీనికి లొంగని కొన్ని రకాలకు, టి-కణాల బ్రేకు విప్పే పెంబ్రోలిజుమాబ్ అనే మందుకు 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఒకటి రెండు రోజుల మంట, మాటిమాటికి మూత్రం, కొద్దిపాటి జ్వరం మామూలే. అంతమాత్రానికి మధ్యలో ఆపేయవద్దని నాన్నగారికి నచ్చజెప్పండి. కానీ జ్వరం 101 దాటి తగ్గకపోయినా, చలితో వణికినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లి, బీసీజీ ఎక్కించుకున్న సంగతి ముందే చెప్పండి. క్రిమి రక్తంలో చేరితే టీబీ మందులు వాడవలసి వస్తుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి, కొన్ని బీసీజీని కూడా చంపేస్తాయి.

ఆయన చుట్టగానీ సిగరెట్టుగానీ కాలుస్తారో లేదో మీరు రాయలేదు. పొగాకు బోర్డు ఉన్న గుంటూరు పక్కనే ఉంటూ నేను అడగకుండా ఎలా ఉంటాను? పొగలోని విషాలను కిడ్నీలు వడగట్టి మూత్రంలోకి పంపితే, అవి గంటల తరబడి నిలిచేది మూత్రాశయంలోనే. కాలుస్తుంటే ఇవాళే మాన్పించండి.

డోసు రోజున మూత్రంలో రక్తం కనిపిస్తే నర్సుకు చెప్పండి, వాయిదా వేస్తారు. ఇంటికొచ్చాక 6 గంటలు కూర్చునే మూత్రం పోయాలి. ప్రతిసారీ బ్లీచింగ్ ద్రావణం పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టండి. మందును రెండు గంటలు లోపలే నిలపాలి కాబట్టి ఆ ఉదయం కాఫీలు, మంచినీళ్లు తగ్గించమనండి. ఎక్కించిన వెంటనే బస్సెక్కించకండి, ఆ రెండు గంటలూ ఆసుపత్రిలోనే బాత్‌రూమ్ దగ్గర కూర్చోబెట్టండి.