పొద్దుటి గాలే అసలు లెక్క

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొని ఏడు నెలలైంది. శ్రీకాకుళంలో పంచర్ షాపతను 32 పెట్టాడు. బంకులో కుర్రాడు 40 పెట్టాడు. టైరు మీద చూస్తే 51 అని అచ్చు వేసి ఉంది. ఇందులో ఏది సరి? ఇంట్లో నేనే చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: మూడూ కాదు. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, తలుపు వచ్చి మూసుకునే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మీ కారుకి ఎంత గాలి అన్నది దాని మీద రాసిందే. టైరు మీది 51, ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. అది హద్దే తప్ప పెట్టాల్సిన గాలి కాదు. 32 చిన్న పెట్రోలు కార్లకి కొట్టీ కొట్టీ చేతికి అలవాటైపోయిన అంకె. అదే సైజు పెట్రోలు కారు కంటే మీది బ్యాటరీ వల్ల రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది. ఆ బరువును మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి.

స్టిక్కరు మీద అంకె 250 అనో 2.5 అనో ఉంటే కంగారు పడకండి. మొదటిది కిలోపాస్కల్, రెండోది బార్, రెండూ గాలి ఒత్తిడి కొలతలే. రెండూ బంకుల్లో మనం చెప్పే 36 పీఎస్ఐయే. కిలోపాస్కల్ అంకెను 6.9తో భాగిస్తే పీఎస్ఐ వచ్చేస్తుంది: 230 అయితే 33, 270 అయితే 39. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వేరు వేరు అంకెలుండొచ్చు. ఇద్దరు తిరిగేటప్పటికి ఒకటి, నిండా జనం, సామాను ఉన్నప్పటికి ఇంకొకటి రాసి ఉండొచ్చు. రెండు వరసలూ చదవండి.

ఆ అంకె చల్లటి టైరుకి. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి. మరీ తప్పకపోతే రెండు కిలోమీటర్ల లోపు నడిచి ఉండొచ్చు. ఎండ పడ్డ వైపు టైరు రెండో వైపు కంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే, ఎండ ఎక్కకముందు చూడడం మంచిది.

ఒక డిజిటల్ గేజి కొనుక్కోండి. క్యాప్ తీసి గేజిని వాల్వు మీద నిటారుగా, ఒక్కసారిగా నొక్కండి. బుస్సుమని గాలి పోతూనే ఉంటే గేజి సరిగ్గా కూర్చోలేదు, అంకె తక్కువ చూపిస్తుంది. రెండుసార్లు ఒకే అంకె వచ్చేదాకా చూడండి. నాలుగు చక్రాలవీ కాగితం మీద రాసుకోండి. ఇంట్లో 12 వోల్టుల చిన్న పంపు ఉంటే కారును ఆన్ చేసి, రెడీ అని చూపించే స్థితిలో పెట్టి వాడండి, లేకపోతే కారులోని 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోతుంది. ఒకటి రెండు పీఎస్ఐలు ఎక్కువే కొట్టి, గేజితో చూస్తూ కాస్త కాస్త వదిలి అంకెకి తెండి.

పంపు లేదు, బంకుకే వెళ్లాలి అంటారా? మీ ఊరి నుంచి శ్రీకాకుళం చేరేసరికి టైరు వేడెక్కి మూడు నాలుగు పీఎస్ఐలు పెరిగి ఉంటుంది. అక్కడ 36 చూపించిందంటే నిజానికి 32 దగ్గరే ఉందన్నమాట. అందుకని పొద్దున ఇంట్లో చూసుకున్న లోటునే నమ్మండి. వెనక ఎడమ చక్రం 31 చూపించింది, 36 కావాలి, లోటు 5. బంకులో అది 34 చూపిస్తే 39కి కొట్టించండి. మర్నాడు పొద్దున మళ్లీ చూసి సరిచేసుకోండి. వేడి టైరులో ఎక్కువ చూపించిందని గాలి తీయించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ప్రశ్న: సంక్రాంతి రోజుల్లో పొద్దున కారు తీస్తే టైరు గుర్తు పసుపు లైటు వెలుగుతోంది. పది గంటలయ్యేసరికి దానంతటదే ఆరిపోతోంది. సెన్సరు పోయిందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: సెన్సరు బాగానే ఉందమ్మా, గాలే తక్కువ. ఆరేసి డిగ్రీలు చల్లబడే కొద్దీ సుమారు ఒక్కో పీఎస్ఐ తగ్గుతుంది. 40 డిగ్రీల ఎండలో 36 పెట్టించిన టైరు, 16 డిగ్రీల తెల్లవారుజామున 32కి వస్తుంది. దానికి తోడు ఏ పంచరూ లేకపోయినా నెలకి ఒకటో రెండో పీఎస్ఐలు మామూలుగానే దిగుతాయి. ఉండాల్సిన దాంట్లో అయిదో వంతు, నాలుగో వంతు తగ్గాకే చాలా కార్లలో ఈ లైటు వెలుగుతుంది. కాబట్టి లైటు రాలేదు, గాలి సరిగ్గా ఉందనుకోవద్దు. నాలుగు చక్రాలకీ పొద్దున చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టుకోండి.

ఒకే చక్రం వారానికి మూడేసి పీఎస్ఐలు దిగుతుంటే మేకో, వాల్వో. సబ్బు నురుగు రాస్తే బుడగలు చెబుతాయి. కారు తీయగానే లైటు ఒక నిమిషం పాటు మిణుకుమని, తర్వాత ఆరకుండా వెలుగుతూనే ఉంటే అప్పుడు సెన్సరు సంగతి చూడాలి. వాల్వులో సెన్సరు లేకుండా చక్రం తిరిగే వేగాన్ని బట్టి లెక్కగట్టే కార్లూ ఉన్నాయి. వాటిలో గాలి సరిచేశాక స్క్రీన్‌లో రీసెట్ చేయాలి. గాలి తక్కువగా ఉండగా రీసెట్ నొక్కితే, ఆ తక్కువే సరైనదని కారు గుర్తు పెట్టుకుంటుంది.

ప్రశ్న: ఒక ఛార్జికి 280 కిలోమీటర్లు వచ్చేది, టైర్లు మార్చిన దగ్గర్నుంచి 240 దాటడం లేదు. 42 పెడితే మైలేజీ వస్తుందంటున్నారు. తరచూ జీడిపప్పు బస్తాలు కూడా వేస్తాను.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: టైర్లు మార్చాక. నాలుగింటిలోనూ ఆరేడు పీఎస్ఐలు తక్కువున్నా పోయేది నూటికి మూడో నాలుగో, అంటే మీకు పది కిలోమీటర్లు. మిగతాది గాలి వల్ల కాదు. కారుతో వచ్చిన టైర్లు తక్కువ ఈడ్పుతో దొర్లేలా చేసినవి. అదే సైజులో మామూలు టైరు వేస్తే బ్యాటరీ ఎక్కువ తాగుతుంది. పాత టైరు మీద ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. సైజు పక్కన అంకె కూడా తగ్గకూడదు. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది, 99 అయితే 775. చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించండి.

42 పెడితే టైరు ఉబ్బి మధ్య భాగమే నేలకి ఆనుతుంది. వానలో బ్రేకు ఆలస్యంగా పడుతుంది, గోతిలో పడితే టైరుకి దెబ్బ గట్టిగా తగులుతుంది. టైరు బటన్లు (నేలకి ఆనే గళ్లు) మధ్యలో అరిగితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులా అరిగితే తక్కువైనట్టు. ఒక్క అంచే అరిగితే గాలిని అనకండి, అలైన్‌మెంటు చూడండి. బస్తాలు వేసిన రోజు స్టిక్కరులో నిండు బరువు వరస చూసి పెట్టండి, దించాక మామూలుకి తెచ్చేయండి.

ప్రశ్న: అరకు ఘాట్ ఎక్కేముందు గాలి తగ్గించాలా? నైట్రోజన్ మంచిదా?
– ఒక పాఠకుడు, ఎస్.కోట

జవాబు: తగ్గించక్కర్లేదు. పైన బయటి గాలి ఒత్తిడి తగ్గి గేజి ఒకటిన్నర ఎక్కువ చూపిస్తే, అక్కడి చలి అంతే తగ్గిస్తుంది. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. ఊరికే పెడితే పెట్టించుకోండి.

ప్రశ్న: వాల్వు క్యాప్ బిగుసుకుపోయి రావడం లేదు. స్టెప్నీ కూడా లేదు, పంచర్ కిట్ ఒకటే ఇచ్చారు.
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: సముద్రపు ఉప్పుగాలి పని. సెన్సరు ఉన్న వాల్వు చాలావరకు అల్యూమినియం. దానికి ఇత్తడి క్యాప్ పెడితే రెండూ ఒకదాన్నొకటి తిని అతుక్కుపోతాయి. బలవంతంగా తిప్పితే వాల్వు సెన్సరుతో సహా విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి ఉంచి, వాల్వు కాండాన్ని ఒక ప్లయర్‌తో కదలకుండా పట్టుకుని తిప్పండి. తర్వాత నాలుగింటికీ ప్లాస్టిక్ క్యాప్‌లే వాడండి. లోపలి పిన్ను మార్చాల్సి వస్తే నికెల్ పూత ఉన్నదే అడగండి.

2020లో నిబంధన మారాక, టైరులో గాలి చెప్పే వ్యవస్థ, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్ ఉంటే స్టెప్నీ లేకుండా కారు అమ్మొచ్చు. కిట్‌లో సీసాలో ఉండే, కంత మూసే మందు బటన్ల మీద చిన్న మేకు దిగిన కంతకి పనికొస్తుంది, పక్క గోడ చీలితే పనికిరాదు. వేశాక సీసా మీద రాసిన వేగం దాటకుండా దగ్గర్లోని షాపుదాకా వెళ్లి, మందు వేశానని ముందే చెప్పండి, సెన్సరు తుడవాల్సి ఉంటుంది. కారును జాకీతో ఎత్తేటప్పుడు పక్కనే నిలబడండి. బ్యాటరీ అడుగునే ఉంటుంది, గుర్తు పెట్టిన నాలుగు చోట్ల తప్ప ఎక్కడా జాకీ ఆనించనివ్వకండి. ఇవాళే డిక్కీ తెరిచి సీసా మీద గడువు తేదీ చూడండి.