గ్రీసులోని శాంటోరిని దీవిలో అసిర్టికో అనే ద్రాక్షతో చేసే వైన్ అంత పుల్లగా ఎందుకుంటుంది? అంత ధర పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కాకపోతే భోజనంతో పాటు తాగే అలవాటు ఉంటేనే. నేను జర్మనీలో ఉంటాను. శాంటోరిని వెళ్లి తోటలు చూసేదాకా ఈ గ్రీకు వైట్ వైన్‌కి అంత ధరెందుకో నాకూ అర్థం కాలేదు.

సుమారు 3600 ఏళ్ల కిందట అక్కడ అగ్నిపర్వతం బద్దలైంది. అప్పుడు పడిన బూడిద, నురుగురాయి, లావా ముక్కలే ఇప్పటి తోటల నేల. అందులో బంకమట్టి దాదాపు ఉండదు. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు అలాంటి నేలలో బతకలేదు. అందుకే మిగతాచోట్ల అమెరికన్ వేరు మీద అంటు కడితే, ఇక్కడి తీగలు సొంత వేళ్ల మీదే ఉన్నాయి. వందేళ్లు దాటిన వేళ్లు కూడా ఉన్నాయి.

నన్ను బాగా కదిలించింది ఆ తీగల్ని పెంచే తీరు. మన దగ్గరలా పందిరికెక్కించరు. నేలమీదే గుండ్రంగా చుట్టి బుట్టలా అల్లుతారు, దాన్ని కులూరా అంటారు. గుత్తులు ఆ బుట్ట లోపల కాస్తాయి కాబట్టి వేసవి ఈదురుగాలి, ఎగిరే ఇసుక వాటిని కొట్టవు. వాన చాలా తక్కువ. రాత్రిపూట సముద్రం మీంచి వచ్చే తేమను నురుగురాయి పీల్చుకుంటుంది, తీగకి అదే పెద్ద ఆధారం. అంత చేసినా ఎకరానికి వచ్చే పంట కొంచెమే, కోత చేత్తోనే. ధర అక్కడే పెరుగుతుంది.

పులుపు సంగతికొస్తే, పొటాషియం ఎక్కువైతే ద్రాక్షలో పులుపు తగ్గుతుంది, ఇక్కడి నేలలో అది తక్కువ. దానికి తోడు ఎంత ఎండలో పండినా పులుపు పోగొట్టుకోకపోవడం ఈ రకం స్వభావం. అందుకే 13, 14 శాతం ఆల్కహాల్ ఉన్నా నోటికి బరువనిపించదు. చివర్లో కాస్త ఉప్పదనం తగులుతుంది.

నిమ్మకాయ పిండుకుని తినే దేనికైనా ఇది కుదురుతుంది. అక్కడ కాల్చిన ఆక్టోపస్‌తో ఇస్తారు, మా ఇంట్లో చేపల వేపుడుతో బాగుంటుంది. చేపల పులుసుతో మాత్రం వద్దు, చింతపండు, కారం రెండూ దీన్ని చంపేస్తాయి. మరీ చల్లగా కాకుండా 10-12 డిగ్రీల్లో తాగండి.

కొనేటప్పుడు లేబుల్ మీద మూల ప్రాంతంగా శాంటోరిని అని ఉందో లేదో చూడండి. ఉత్త అసిర్టికో అని ఉంటే గ్రీసులో వేరేచోట పండింది కావచ్చు. అదీ మంచిదే, చవక కూడా. మొదటిసారికి దానితో మొదలుపెట్టినా పర్వాలేదు.